ప్రకటనలో 100, ఇంట్లో 20: ఇంటర్నెట్ వేగం ఎక్కడ తగ్గుతుంది?

“సెకనుకు 100 మెగాబిట్ల వరకు వేగం!” అని ఇంటర్నెట్ కంపెనీల ప్రకటనల్లో మీరు చూసే ఉంటారు. కనెక్షను పెట్టించుకుని కొలిచి చూస్తే పొద్దున 60, రాత్రి 20 వచ్చిందనుకోండి. మిగతాది ఏమైంది? తీగలో కారిపోయిందా? లేక కంపెనీ మోసం చేసిందా?

జవాబు వెతకడానికి అరకు లోయ మంచి చోటు. పట్నాల్లో పైకి కనబడని చిక్కులు తూర్పు కనుమల్లో స్పష్టంగా కనబడతాయి.

ముందుగా ఒక చిన్న లెక్క. ప్రకటనలో వేగాన్ని బిట్లలో చెబుతారు. మనం దించుకునే ఫైళ్లను బైట్లలో కొలుస్తారు. 8 బిట్లు ఒక బైటు. అంటే 100 మెగాబిట్లు 12.5 మెగాబైట్లకు సమానం. మీ యంత్రం “సెకనుకు 12 మెగాబైట్లు” అని చూపిస్తే అందులో లోటేమీ లేదన్నమాట. ఆ కాస్త తేడా కూడా ఎందుకంటే, ఉత్తరానికి కవరు, చిరునామా ఉన్నట్లే సమాచారపు ప్రతి ముక్కకూ ఉంటాయి. వాటికీ కొంత చోటు కావాలి.

ఇక “వరకు” అనే మాట చూడండి. అన్నీ అనుకూలిస్తే అందే గరిష్ఠ వేగం అదని దాని అర్థం. ఎప్పుడూ అంతే అందుతుందని కాదు.

ఊట నుంచి కుళాయి దాకా

కొండ మీది ఊట నీటిని గొట్టాల ద్వారా కింది ఊరికి తెచ్చే ఏర్పాటు మన్యంలో చాలా చోట్ల ఉంది. దానికి మోటారు అక్కరలేదు, గురుత్వాకర్షణే నీటిని దించుతుంది. గొట్టం దారిలో ఒక్కచోట సన్నగా ఉన్నా, మిగతాదంతా ఎంత లావుగా ఉండి ఏం లాభం? ఆ సన్నని చోట పట్టినంత నీరే ఊరికి వస్తుంది. పైగా పొద్దున్నే అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పితే ధార ఇంకా సన్నబడుతుంది.

ఇంటర్నెట్‌కూ ఈ రెండు సూత్రాలే. దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు వేగాన్ని నిర్ణయిస్తుంది. ఉన్నదాన్ని ఎందరు పంచుకుంటున్నారనేది మీ వాటాను నిర్ణయిస్తుంది.

ఆప్టికల్ ఫైబర్ సంగతే తీసుకుందాం. వెంట్రుకంత సన్నని ఆ గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖపట్నం నుంచి అరకుకు రావడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. కాబట్టి దూరం నేరస్థుడు కాదు. ప్రకటనలో “వేగం” అంటే నిజానికి ఒక సెకనులో ఎన్ని బిట్లు మోయగలదన్న సామర్థ్యమే.

ఇళ్లకు ఫైబర్ ఇచ్చే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నదాంట్లో ఒక మూల తీగ సెకనుకు దాదాపు 2,500 మెగాబిట్లు మోస్తుంది. దాన్ని 32 ఇళ్లకు పంచారనుకోండి. అందరూ ఒకే క్షణంలో పూర్తిగా వాడితే తలా 78 వస్తాయి. 64 ఇళ్లయితే 39! మరి 100 అని ఎలా అమ్ముతారు? అందరూ ఒకేసారి వాడరన్న ధీమాతో. ఊరంతా సినిమాలు చూసే రాత్రి వేళ ఆ ధీమా చెల్లదు. కొన్ని పథకాల్లో నెలకింత అన్న పరిమితి దాటగానే కంపెనీయే వేగం తగ్గిస్తుంది.

కొండలు పెట్టే పరీక్ష

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఖర్చు తగ్గించడానికి తీగలను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అయితే గాలివానకు చెట్టు కూలితే ఆ తీగ తెగుతుంది. ఒక దారి తెగితే, ఉన్న మరో దారిలోకి అందరి సమాచారమూ తోసుకొస్తుంది. ఆ దారి ఇరుకవుతుంది.

తీగ చేరని ఊళ్లకు సెల్ టవరే దిక్కు. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేరోజు 100 4జి టవర్లు ప్రారంభిస్తే, వాటిలో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. టవరు నుంచి వచ్చే రేడియో తరంగాలకు కొండ అడ్డుపడితే వెనకాల “నీడ” పడుతుంది. సిగ్నలు బలహీనమైతే ఏమవుతుంది? దూరాన ఉన్నవాడితో మాట్లాడేటప్పుడు మనం ఒక్కొక్క మాటా విడదీసి నిదానంగా చెబుతాం గదా! టవరూ అంతే. తప్పులు రాకుండా సెకనుకు తక్కువ బిట్లు పంపుతుంది. ఆ టవరుకు ఫైబర్ లేక, మరో టవరు నుంచి సూక్ష్మతరంగాల ద్వారా సమాచారం అందుతుంటే, అదే ఇరుకు గొట్టం కావచ్చు. జోరువాన ఆ తరంగాలనూ బలహీనపరుస్తుంది.

ఇది సరదాల సమస్య కాదు. 2020లో కరోనా వల్ల బడులు మూసి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు, సిగ్నలు కోసం గుట్టలెక్కిన పిల్లలు మన్యంలో ఎందరో. పాఠం వినడానికి సెకనుకు 100 మెగాబిట్లు అక్కరలేదు. ఆగకుండా వచ్చే 2 మెగాబిట్లు చాలు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2023లో నిర్ణయించిన కనీస వేగం కూడా అంతే.

మీరే కొలిచి చూడండి

ఇరుకు ఎక్కడుందో మీరే కనిపెట్టవచ్చు. వేగం కొలిచే పరీక్షను మూడు విధాలుగా, ఒక్కొక్కటి మూడేసి సార్లు చేసి పట్టిక రాయండి. మొదట రూటరుకు తీగతో కలిపిన కంప్యూటరులో. తరువాత అదే గదిలో వైఫై మీద. చివరగా గోడ అవతల గదిలో. ఈ మూడింటినీ తెల్లవారుజామున ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి చేయండి.

తీగతో బాగా వచ్చి గోడ అవతల పడిపోతే లోపం మీ ఇంట్లోనే ఉంది. రూటరును ఇంటి నడుమ, ఎత్తుగా పెట్టి చూడండి. తెల్లవారుజామున బాగుండి రాత్రి తగ్గితే, పంచుకునేవాళ్లు ఎక్కువయ్యారని అర్థం. తీగతో ఏ వేళ కొలిచినా తక్కువే వస్తే, మీ పట్టిక తీసుకుని కంపెనీని అడగండి. “మా నెట్ బాగాలేదు” అంటే ఎవరైనా తప్పించుకోవచ్చు. తేదీ, గంట, అంకె వేసి చూపిస్తే జవాబు చెప్పక తప్పదు.