మంచం జాలీ కింద మెంతికూర

నాలుగు కోళ్లు పెంచుకుందామని సరదాపడి పెరట్లో దడి కట్టిస్తాం. నెల తిరిగేసరికి లోపల గడ్డిపోచ కూడా మిగలదు. మట్టి, రెట్టలు, వాసన! అలాంటి చోట మళ్లీ ఆకుకూర మొలిపించడం కుదిరే పనేనా?

"బేటీ, నువ్వు విత్తనాలు చల్లడం లేదు, దాణా వేస్తున్నావు."

గోడ మీంచి చూసి పక్కింటి ఖాలా నవ్వుతూ అన్న మాటిది. నిజమే మరి! మెంతులు చల్లడం నాకది మూడోసారి. మా ఐదు పెట్టలూ, పుంజూ నా వెనకే నడుస్తూ ఒక్కో గింజా ఏరుకు తింటున్నాయి.

అప్పట్లో మేం బార్కస్‌లో అద్దెకుండేవాళ్లం. హైదరాబాద్ పాతబస్తీలో, చాంద్రాయణగుట్టని ఆనుకుని ఉన్న పేట ఇది. ‘బ్యారక్స్’ అన్న మాటే నలిగి నలిగి బార్కస్ అయింది. నిజాం కొలువుకని యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల బస అది. 1948లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిశాక ఆ కొలువులు పోయాయి. కుటుంబాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. బార్కస్ అనగానే నగరంలో అందరికీ గుర్తొచ్చేవి లుంగీలు, హరీస్, మండీ, జామపండ్లు. పాత ఇళ్లల్లో లోపల వాకిళ్లుంటాయి. అక్కడ మేకో, రెండు కోళ్లో తిరుగుతుంటాయి. అసీల్ కోళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లూ ఉన్నారు. అసీల్ అంటే అరబ్బీలో మేలుజాతిది, అసలైనది అని. మన ‘అసలు’ కూడా ఆ మాటకు చుట్టమే!

మావి మాత్రం మామూలు నాటుకోళ్లు. గోడవారగా 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున దడి కట్టించాం. మొదట్లో అందులో గరిక, గంగవాయిలి కూర బాగానే ఉండేవి. నెలలో అంతా నున్నగా అయిపోయింది. తొలి వానలకు బురదై వాసన మొదలైంది. పని లేని కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోవడం ఇంకో తలనొప్పి. గోధుమరంగు పెట్టకు తోక దగ్గర ఈకలన్నీ పోయి రక్తం కనిపించింది. "వానాకాలం అయ్యేలోపు ఇవి సర్దుకోకపోతే కోళ్లు తీసేయాలమ్మా" అని ఇంటి ఓనరు గారు చెప్పేశారు. ఆయన్ని తప్పు పట్టలేం, ఆ వాసన అలా ఉంది! కానీ ఆ గుడ్ల మీద వచ్చే నాలుగు రూపాయలూ నా చేతి డబ్బు. ఎవరినీ అడగక్కర్లేని డబ్బు. ఖాలాకీ అంతే. ఆమె గుడ్ల డబ్బు టీపొడి డబ్బాలో దాచేది.

ఆకు వాటికి, వేరు మనకి

ఖాలా వాకిట్లో చూశాను కదా, ఆశ్చర్యపోయాను. నాలుగు వరసల ఇటుకలు, వాటి మీద విరిగిపోయిన ఇనుప మంచం జాలీ. జాలీ కన్నాల్లోంచి పచ్చగా మెంతికూర! కోళ్లు దాని మీదే నిలబడి, పైకొచ్చిన కొసలు మాత్రం కొరుక్కు తింటున్నాయి. కింద మొదళ్లు భద్రంగా ఉన్నాయి.

కిటుకంతా ఇందులోనే ఉంది. కోడి ఆకు తింటే మొక్క చావదు. కాళ్లతో గీరి వేళ్లు పెకిలిస్తేనే చస్తుంది. కాబట్టి నోటికి ఆకు అందాలి, కాళ్లకు వేరు అందకూడదు. తర్వాత నేను చేసుకున్నదంతా ఈ ఒక్క మాట పట్టుకునే.

మంచం జాలీ లేకపోతే చెక్క చట్రం కొట్టించి, దాని మీద ఇనుప జాలీ బిగిస్తే సరి. ఎత్తు నాలుగైదు అంగుళాలు చాలు. కన్నం అరంగుళం నుంచి అంగుళం లోపు ఉండాలి. జాలీ కోళ్ల బరువుకు కుంగకుండా బిగువుగా ఉండాలి, తీగ కొసలు కాళ్లకు గుచ్చుకోకుండా లోపలికి మడవాలి. చిన్నపిల్లలున్న తల్లికోడిని మాత్రం దీని మీదకు రానీయకండి. పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి. లోపల మట్టి గుల్ల చేసి మెంతులు, సజ్జలు, పెసలు, గోధుమలు ఏవైనా చల్లొచ్చు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు దీనికే పోసేదాన్ని. సబ్బు నీళ్లు మాత్రం వద్దు.

ఇక్కడో హెచ్చరిక. విత్తనాల దుకాణంలో గులాబీ రంగో, ఇంకో రంగో పూసిన గింజలు ఇస్తారు. అది పురుగు, తెగులు పట్టకుండా పట్టించిన మందు. వాటిని కోళ్ల దగ్గరకు చేరనీయొద్దు. వంటింటి డబ్బాలోని గింజలే మేలు. జొన్నలు కూడా నేను వేయను. లేత జొన్న పైరు మేసి పశువులు చచ్చిపోవడం పల్లెల్లో అందరికీ తెలిసిందే. కోళ్ల విషయంలో ఆ పరీక్ష మనకెందుకు?

దడి అవతల ఇంకో పద్ధతి ఉంది. బచ్చలి కాడ వంటకు తరిగినప్పుడు ముదురు ముక్క ఒకటి బయట గుచ్చితే చాలు, వేళ్లూనుకుంటుంది. తీగ దడి మీదకు పాకుతుంది, లోపలికొచ్చిన ఆకు కోళ్లకి, బయటున్నది మన పప్పులోకి. దొండ తీగా అంతే. నీడకు మునగ కొమ్మ ఒకటి పాతాను. మొదట్లో చుట్టూ పెద్ద రాళ్లు పెట్టాలి, లేకపోతే కోళ్లు గుంటలు తవ్వి వేళ్లు బయటపడేస్తాయి. మేలో ఎండ మండిపోయేటప్పుడు కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతుంటాయి. అప్పుడు ఆకు కంటే ఆ నీడే ముఖ్యం.

దడంతా పచ్చగా చేసేయాలని మాత్రం ఆశపడొద్దు. కోడికి ఉత్త మట్టి కూడా కావాలి. దుమ్ములో పొర్లితేనే పేలు, పురుగులు వదులుతాయి. ఒక మూల పొడి మట్టి, కాస్త కట్టెల బూడిద కలిపి వదిలేశాను.

ఆకుతో కడుపు నిండుతుందా?

నిండుతుంది, అదే చిక్కు. ఆకులో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. ఆకుతో కడుపు నింపేసుకుంటే దాణా తగ్గి, గుడ్లూ తగ్గుతాయి. అందుకే ముందు నూకలు, తవుడు, దాణా, తర్వాతే ఆకు. మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లున్నాయి చూడండి, అవి నాటుకోళ్ల కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, అందుకు తగ్గ మేతా అడుగుతాయి.

ఆకు తిన్న కోడి గుడ్డులో సొన చిక్కటి పసుపు రంగులో ఉంటుంది. ఆ రంగు కోడి సొంతంగా తయారుచేసుకోలేదు, మేతలోంచే రావాలి. అయితే రంగు పెరిగిందని బలం రెట్టింపైందనుకోకండి.

పాలకూర రోజూ వేయకూడదు. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం సున్నాన్ని ఒంటికి పట్టనీయదు. ఒక్క గుడ్డు పెంకుకే రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలి మరి! తోటకూర, గంగవాయిలిల్లోనూ ఆ గుణం ఉంది కాబట్టి మార్చి మార్చి వేయాలి. వంటింట్లో మిగిలిన గుడ్డు పెంకులు ఎండబెట్టి, నలిపి వేరే చిప్పలో పెడితే, కావలసినప్పుడు అవే తింటాయి. పొడుగాటి గడ్డి తెంపి వేయొద్దు. మెడ కింద మేత నిలిచే సంచిలో ఉండ చుట్టుకుంటుంది. చిన్న ఇసుక రాళ్లు అందుబాటులో ఉంటే కందనకాయ ఆకును అరగదీస్తుంది.

దడి పక్కన గన్నేరు, ఉమ్మెత్త ఉంటే తీసేయండి. ఆముదం గింజలు, టమాటా ఆకులు, పచ్చబారిన ఆలుగడ్డ తొక్కలు కూడా వేయకూడదు.

రెట్టల సంగతి. పచ్చి రెట్ట మొక్క మొదట్లో పడితే వేడికి మాడిపోతుంది. రాత్రి గూట్లో పడింది పొద్దున్నే ఎత్తి, ఊక, ఎండాకులు కలిపి ఒక మూల కుప్ప వేసేదాన్ని. మూడు నాలుగు నెలలకు వాసన పోయి మట్టిలా అయ్యాకే వాడాలి. మనం పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మడికి పచ్చి రెట్ట అసలే వద్దు. వాసన తగ్గింది కూడా నిజానికి ఈ ఎత్తిపోతతోనే, ఆకుకూరతో కాదు. గోధుమరంగు పెట్టను వారం రోజులు విడిగా పెట్టి, మిగతావాటికి జాలీ మీద పని దొరికాక కలిపాను. వానలు వెళ్లేసరికి ఈకలు వచ్చేశాయి. ఓనరు గారు మళ్లీ కోళ్ల ఊసెత్తలేదు.

అన్నీ గెలిచానని చెప్పను. మరుసటి ఏడాది ఎండలకు జాలీ కింద మెంతికూర మొత్తం మాడిపోయింది. బచ్చలి, మునగ మాత్రమే తట్టుకున్నాయి. అప్పుడూ ఖాలాయే దారి చూపించింది. రాత్రి గుప్పెడు గోధుమలు నానబెట్టి, పొద్దున్న నీళ్లు వంచి, వెడల్పాటి చిల్లుల గంపలో పలచగా పరిచి నీడలో పెట్టాలి. రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లితే వారంలోపు వేళ్లు అల్లుకుని చాపలా వస్తుంది. దాన్ని ముక్కలు చేసి వేయడమే. కాస్త బూజు వాసన వచ్చినా ఆ గంప మొత్తం పారబోయాలి, కడిగి వేద్దామనుకోవద్దు.