ఒకే గంపలో రెండు కుందేళ్లు: మీకు తెలుసా?

కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో మా తనకల్లు. చుట్టూ గుట్టలు, శనక్కాయ చేన్లు. పెద్దవాళ్లు కుందేలును ఇక్కడ ఇప్పటికీ చెవులపిల్లి అనే పిలుస్తారు. మా ఇంటికి రెండు పెంపుడు కుందేళ్లు వచ్చినప్పుడు, ఒకే గూట్లో వదిలితే చాలు, అవే కలిసిపోతాయనుకున్నాం. పావుగంటలో గూడంతా బొచ్చే. తెల్లదాని చెవి చివర చీలింది, బూడిదరంగుది మూలన నక్కి రెండు రోజులు సరిగా మేత ముట్టలేదు. ఆ రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునే సరికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చదివినవీ, అడిగి తెలుసుకున్నవీ, పక్కన కూర్చుని చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. కుందేళ్లు జత కలవడం లేదని విసిగి, ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకునే ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. ఆలస్యమైతే అది పగ కాదని వాళ్లకు చెప్పాలని ఉంది.

చేలో కనిపించే చెవులపిల్లీ, ఇంట్లో పెంచే కుందేలూ ఒకే జాతి కాదని మీకు తెలుసా?

చెవులపిల్లికి 48 క్రోమోజోములు, పెంపుడు కుందేలుకు 44. వాటి మధ్య సంతానం కలగదు. చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న గుంట చేసుకుని ఒంటరిగా పడుకుంటుంది. దాని పిల్లలు కళ్లు తెరుచుకుని, ఒంటి నిండా బొచ్చుతో పుడతాయి. పెంపుడు కుందేలు పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. అది నేలలో బొరియలు తవ్వి గుంపుగా బతికే జంతువు. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుట్టి, పది రోజులకు గానీ కళ్లు తెరవవు. తోడు కావాలనే కోరిక ఇంటి కుందేలు నెత్తురులోనే ఉంది, చెవులపిల్లికి అది లేదు. శనక్కాయ పీకేటప్పుడు చెవులపిల్లి పిల్ల ఒంటరిగా కనిపిస్తే, తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తెచ్చి మన కుందేలుకు జతగా పెట్టాలని చూసేవాళ్లున్నారు. దయచేసి తేవద్దు. తల్లి రోజుకు ఒక్కసారే, పొద్దు గుంకాక వచ్చి పాలిచ్చి పోతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం నేరం.

కుందేలు పిరికిదని ఎవరన్నారు?

హరిహర బుక్కరాయలు వేటకు పోతే ఒక కుందేలు వేటకుక్కల మీదికే తిరగబడిందనీ, ఆ చోటే విద్యారణ్యస్వామి నగరం కట్టమన్నాడనీ విజయనగరం గురించి కథ ఉంది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత ఆ రాజ్యానికి మన పెనుకొండే రాజధాని అయింది కాబట్టి ఈ కథ మా వైపు ఇంటింటికీ తెలుసు. కథలోది చెవులపిల్లే అయ్యుండాలి. కానీ ఆడ కుందేలు గూట్లోకి కొత్త కుందేలును తోసి చూసినవాళ్లకు ఆ కథలో వింతేమీ కనిపించదు. ముందరి కాళ్లతో చరుస్తుంది, గుర్రుమంటుంది, మీద పడి కొరుకుతుంది.

వాటి తగాదా చాలావరకు చోటు కోసమేనని మీకు తెలుసా?

కుందేలు గడ్డం కింద వాసన గ్రంథి ఉంటుంది. కుర్చీ కాలికో గూటి అంచుకో అది గడ్డం రుద్దిందంటే 'ఇది నాది' అని రాసుకున్నట్టే. మన ముక్కుకు ఆ రాత అందదు. ఆస్ట్రేలియాలో రోమన్ మికిటోవిచ్ అనే శాస్త్రవేత్త 1960లలో దీన్ని పరిశీలించి, గుంపులో పెత్తనం చేసే మగవాటికి ఈ గ్రంథి పెద్దగా ఉంటుందనీ, అవే ఎక్కువగా గడ్డం రుద్దుతాయనీ తేల్చాడు. వేల్స్‌లో రొనాల్డ్ లాక్లీ అనే ప్రకృతి పరిశీలకుడు అడవి కుందేళ్ల బతుకును దగ్గర నుంచి చూసి 1964లో పుస్తకం రాశాడు. బొరియల్లో వాటికి పెద్దరికాలు, హద్దులు ఉంటాయని అందులో చూడొచ్చు.

అందుకే మొదటి చూపులు రెండింటిలో ఏదీ ఎప్పుడూ అడుగు పెట్టని చోట జరగాలి. మేం మిద్దె మీది గది వాడాం. కొంతమంది స్నానాల గది వాడతారు. అయితే నున్నటి టైల్స్ మీద కుందేలు కాళ్లు జారుతాయి, జారితే బెదురుతుంది, బెదిరితే కొరుకుతుంది. గోనెసంచులు పరచండి. దాక్కోవడానికి అట్టపెట్టెలు పెడితే ఒక్కోదానికి రెండు వాకిళ్లు కోయండి. ఒకే వాకిలి ఉన్న పెట్టెలో చిక్కుకున్న కుందేలుకు కొట్లాట తప్ప దారుండదు. మేత గిన్నెలు రెండు, నీళ్ల గిన్నెలు రెండు. మొదట్లో పది, పదిహేను నిమిషాలు చాలు, మంచిగా ఉన్నప్పుడే విడదీయాలి.

చూపులకు ముందే వాసన పరిచయం కావాలి. రెండు గూళ్లు పక్కపక్కన పెట్టి, నడుమ నాలుగు వేళ్ల సందు ఉంచాలి. ఆ సందు లేకపోతే జాలిలోంచే ముక్కులు కొరుక్కుంటాయి. దీని కింది గుడ్డ దానికి, దాని కింది గుడ్డ దీనికి రోజూ మార్చాలి. మావైతే వారం దాకా ఆ గుడ్డల మీద కోపం తీర్చుకున్నాయి. ఎనిమిదో రోజు తెల్లది ఆ గుడ్డ మీదే పడుకుంది. ఆ పొద్దు మా ఇంట్లో అందరికీ పండగే.

ఆపరేషన్ చేయించకుండా జత కలపడం ఎందుకంత కష్టమో తెలుసా?

కోడెలకు విత్తులు కొట్టించడం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. కుందేలుకూ అలాంటి ఆపరేషన్ ఉందంటే మాత్రం ఆశ్చర్యపోతారు. మగదానికి నాలుగు నెలలు, ఆడదానికి ఐదారు నెలలు నిండేసరికి ఈడు వస్తుంది. అంతదాకా ఒకే తల్లి పిల్లలు కూడా ముద్దుగా ఉండి, ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఆపరేషన్ అయిన మగ, ఆపరేషన్ అయిన ఆడ: కలవడానికి సాధారణంగా ఇదే అన్నిటికన్నా తేలికైన జత. ఆడదానికి ఇంకో మేలు కూడా ఉంది. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు వయసు పైబడేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ రావడం చాలా ఎక్కువ.

ఇక్కడ తొందర పనికిరాదు. ఆపరేషన్ తర్వాత కూడా మగదానికి నాలుగు నుంచి ఆరు వారాల దాకా పిల్లలు పుట్టించే శక్తి మిగిలే ఉంటుంది. ఆ పాత కోపం చల్లారడానికీ అన్ని వారాలు పడుతుంది. మరి కుందేలు చూలు ఎన్నాళ్లు? సుమారు 31 రోజులు. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు కూడా. 'రెండూ ఆడవే' అని అమ్మినవాళ్లు చెప్పిన మాట నమ్మి కలిపి ఉంచితే నాలుగైదు నెలలకే గూడు నిండిపోతుంది. చిన్నప్పుడు ఆడ మగ పోల్చడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

మన పల్లె పశువుల ఆసుపత్రులకు వచ్చేవి ఎక్కువగా గొర్రెలు, మేకలు, బర్రెలు, ఆవులు. కుందేలుకు మత్తు ఇవ్వడం సున్నితమైన పని కనుక, చేసిన అనుభవం ఉన్న డాక్టరు కోసం బెంగళూరు దాకానో, తిరుపతి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలల దాకానో అడిగి చూసుకోవడం మంచిది. తిరుపతి కళాశాల 1955 నుంచీ ఉంది. ఒక్క మాట మరవొద్దు. మనిషికీ, కుక్కకూ ఆపరేషన్‌కు ముందు కడుపు మాడుస్తారు, కుందేలును అలా మాడ్చకూడదు. అది వాంతి చేసుకోలేదు, దాని పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి. వెంట గడ్డి మూట పట్టుకుపోండి.

చూలు లేకుండానే చూలుదానిలా నడుచుకుంటుందని తెలుసా?

కుందేలుకు నెలనెలా అండం విడుదల కాదు. జత కూడాక సుమారు పది గంటలకు విడుదలవుతుంది. ఇంకో ఆడ కుందేలు మీదికెక్కినా సరే, ఒంట్లో అదే మార్పు మొదలవ్వొచ్చు. అప్పుడది పదహారు, పద్దెనిమిది రోజులు నోట గడ్డి కరుచుకుని తిరుగుతుంది. గంగడోలు దగ్గరి బొచ్చు తనే పీక్కుని గూడు మెత్తగా పరుచుకుంటుంది. దగ్గరికి వెళితే కరుస్తుంది. నిన్నటిదాకా బాగున్న జత ఇవాళ ఎందుకు చెడిందో తెలియక తలపట్టుకునే ఇళ్లలో చాలాసార్లు కారణం ఇదే. ఆ రోజుల్లో విడిగా ఉంచి, అది కట్టుకున్న గూడు చెరపకుండా వదిలేయాలి.

కుందేలుకు తన ముక్కు ముందున్నదే కనిపించదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో వెనక నుంచి వచ్చే డేగ కూడా కంటబడుతుంది గానీ, సరిగ్గా ముక్కు కొన దగ్గర చిన్న గుడ్డిచోటు ఉంటుంది. అందుకే ఎత్తుకొచ్చి ముఖాముఖి పెట్టకండి. గదికి చెరో మూల దించండి, వాటంతట అవే దగ్గరికి రావాలి.

తల వంచినది ఓడినదని మనం అనుకుంటాం. కుందేళ్ల లెక్క వేరు.

ఒకటి వచ్చి రెండోదాని ముందు తల నేలకు ఆన్చి కదలకుండా కూర్చుంటుంది. 'నా నుదురు నాకు' అని అడగడం అది. చాలా జతల్లో ఎక్కువగా నాకించుకునేదే పెద్దరికం ఉన్నది. రెండూ పట్టుబట్టి తలలు వంచుకుని ఎదురెదురుగా నిమిషాల తరబడి కూర్చుంటాయి, ఎవరూ నాకరు! మావి ఇరవై రోజులు ఇక్కడే ఆగిపోయాయి. చివరికి తెల్లదాని నుదుటి మీద కాస్త అరటిపండు గుజ్జు రాశాం. బూడిదరంగుది పండు కోసం నాకింది, నాకుతూనే ఉండిపోయింది. మర్నాడు పండు రాయకుండానే నాకింది.

ఇంకో మంచి గుర్తు, ఒకదాన్నొకటి పట్టించుకోకపోవడం. ఒకటి ఈ మూల ఒళ్లు తుడుచుకుంటూ, ఇంకోటి ఆ మూల గడ్డి నములుతూ ఉంటే నిరాశపడకండి. శత్రువు ఎదుట ఏ కుందేలూ నింపాదిగా ముఖం తుడుచుకోదు.

మీదికెక్కడం చూసి మాత్రం చాలామంది కంగారుపడి విడదీస్తారు. అది ఎక్కువగా 'నేనే పెద్ద' అని చెప్పడమే. కొన్ని క్షణాలు జరగనివ్వాలి. తల వైపు నుంచి ఎక్కితే వెంటనే దించాలి, కింది కుందేలు మర్మస్థానం కొరికే ప్రమాదం ఉంది. చెవులు వెనక్కి అదిమి, తోక నిక్కించి, ఒకదాని తోక వెంట ఒకటి గిరగిరా తిరగడం మొదలైతే అది కొట్లాటే. ఉత్తచేయి అడ్డం పెట్టకండి, గాయం ఎముక దాకా దిగవచ్చు. మందపాటి తువ్వాలు వాటి మీద వేయండి, లేదా చీపురు నడుమ పెట్టండి.

చిన్న కాటును ఎందుకు వదిలేయకూడదో తెలుసా? కుందేలు చీము మన చీములా కారదు. జున్నుముక్కలా గట్టిపడి చర్మం కింద గడ్డ కడుతుంది. కొట్లాట తర్వాత బొచ్చు విడదీసి ఒళ్లంతా వేళ్లతో తడిమి చూడాలి. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ గుళికో సిరప్పో నోట్లో పోయవద్దు. అది పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవులను చంపి కుందేలు ప్రాణం తీస్తుంది.

భయపెడితే కలిసిపోతాయన్నది నిజమేనా?

రెండింటినీ ఒక డబ్బాలో పెట్టి బండి మీద ఊరంతా తిప్పితే జత కుదురుతుందని చెప్పేవాళ్లు ఇక్కడా ఉన్నారు, విదేశాల్లోనూ ఉన్నారు. భయంతో అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, నిజమే. దాన్ని స్నేహమనుకోవడం పొరపాటు. బండి దిగి ఇంటికొచ్చాక ఆ భయమే కొట్లాట అవుతుంది, లేదా ఒకటి మేత మానేస్తుంది. ఒక రోజు మేత మానేసిన కుందేలు ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. ఈ పద్ధతి నాకు ఎంతమాత్రం నచ్చదు.

కాలం కూడా చూసుకోవాలి. కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థవారి దక్షిణ కేంద్రం ఉంది. వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా లాంటి పెద్ద జాతుల కుందేళ్లను ఆ చల్లని కొండల్లో పెంచుతారు. కుందేలుకు హాయిగా ఉండేది 15 నుంచి 20 డిగ్రీలు. 30 దాటితే దానికి యాతనే. దానికి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల గుండానే పోవాలి. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. ఆ రోజుల్లో జత కలిపే పని పెట్టుకోవద్దు. తడి గోనెపట్టా కట్టిన నీడ, పక్కన చల్లటి మట్టికుండ చూపిస్తే చాలు. కార్తీకం, మార్గశిరం మంచి అదను. దీపావళి టపాసులు పేలే రోజులు తప్పించండి.

మేత విషయంలో మా ప్రాంతానికి ఒక భాగ్యం, ఒక చిక్కు ఉన్నాయి. భాగ్యం మల్బరీ. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న సీమ ఇది, మల్బరీ ఆకు కుందేళ్లకు ఎంతో ఇష్టం. మందు కొట్టని తోటదేనా అని అడిగి, పిడికెడు తెచ్చి రెండింటి మధ్య పెడితే పక్కపక్కన నిలబడి తింటాయి. చిక్కు శనక్కాయ. పిల్లలు ప్రేమగా పెట్టే కాయల్లో కొవ్వు ఎక్కువ, తడిసిన శనక్కట్టెలో విషపు బూజు పట్టి ఉండొచ్చు. రోజూ కడుపు నిండాల్సింది ఎండు గరిక లాంటి గడ్డితోనే.

ఒంటరితనం సంగతి చట్టం దాకా వెళ్లిన దేశం ఉంది. స్విట్జర్లాండ్ 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం, కుందేలులాగే తోడు కోరుకునే గినీ పందిని ఒంటరిగా పెంచకూడదు.

చివరగా, జత కుదిరాక చాలామంది చేసే పొరపాటు. ఒకదానికి జబ్బు చేస్తే దాన్నొక్కదాన్నే డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. అది మందుల వాసనతో తిరిగొస్తే ఇంట్లో ఉన్నది పోల్చుకోలేక మీద పడుతుంది, నెలల కష్టం మళ్లీ మొదటికొస్తుంది. మా తెల్లదానికి పంటి జబ్బు వస్తే బూడిదరంగుదాన్ని కూడా బెంగళూరు బస్సెక్కించాం. ఒకే గంప, కింద గోనెపట్టా, పైన తడిగుడ్డ. దారి పొడుగునా మూత సందులోంచి చూస్తూనే ఉన్నాను. చిక్కబళ్లాపురం దాటేసరికి తెల్లది కళ్లు మూసుకుని ఉంది, బూడిదరంగుది దాని చీలిన చెవి నాకుతోంది.