ముందు సెల్ చూద్దాం

సుల్తాన్ బజార్‌లో కారు ఆపడానికి చోటు దొరకడమే గొప్ప. పెళ్లి చీరల సంచులతో తిరిగొచ్చి తలుపు పిడి మీద బటన్ నొక్కితే, కారు ఉలకదు పలకదు. అలాంటివాళ్లు నా గడియారాల కొట్టుకొచ్చి "అన్నా, రిమోట్ ఖరాబైంది, కొత్తది ఎంతైతది?" అంటారు. కొత్త రిమోట్ అంటే వేలల్లో మాట. ముందు సెల్ చూద్దాం అంటాను.

పిడి మీద బటన్ నొక్కగానే కారు సన్నని సంకేతంతో రిమోట్‌ను నిద్రలేపుతుంది. రిమోట్ తిరిగి జవాబు పంపాలి, దానికే సెల్ కావాలి. సెల్ నీరసించిందంటే దూరం నుంచి తెరుచుకునే తలుపు, దగ్గరికెళ్లి రెండు మూడుసార్లు నొక్కితే గానీ తెరుచుకోదు. సెల్ మార్చాల్సింది అప్పుడే.

పూర్తిగా అయిపోయినా దారి ఉంది. చాలా రిమోట్లలో సన్నని ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది. దానితో తలుపు తీయండి. అలారం మోగినా బెదరొద్దు. రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే, లోపలి చిప్ కారు నుంచే శక్తి తీసుకుని తనను గుర్తు పట్టించుకుంటుంది, ఇంజిన్ అందుకుంటుంది. కొన్ని కార్లలో ఆనించే చోటు వేరు, మాన్యువల్‌లో ఉంటుంది.

ఇంట్లో మార్చుకోవాలంటే తాళంచెవి తీసిన సందులో, గుడ్డ చుట్టిన చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా తిప్పితే రిమోట్ తెరుచుకుంటుంది. పాత సెల్ ప్లస్ గుర్తు ఎటుందో చూసుకోండి. పాత సెల్‌ను పీకేటప్పుడు దాన్ని పట్టి ఉంచే రేకు వంగితే, కొత్త సెల్ వేసినా రిమోట్ పలకదు. నా దగ్గరికొచ్చే "చెడిపోయిన" రిమోట్లలో ఆ రేకును కాస్త పైకి లేపితే బాగయ్యేవి ఎన్నో.

సెల్ నంబరు పట్టింపుగా చూడండి. సీఆర్2032 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2. సీఆర్2025 వెడల్పు అంతే, మందం 2.5. వోల్టేజీ రెండింటికీ 3. అందుకే ఒకదాని చోట ఇంకోటి పెట్టేస్తారు. పల్చటిది వదులుగా కూర్చుని, కుదుపుకు పట్టు తప్పుతుంది. మా పక్కన ఎలక్ట్రానిక్ సరుకు దొరికే గుజరాతీ గల్లీలో అయినా సరే, డబ్బాలో కలిపి పోసినవి కొనొద్దు. ఒకదానికొకటి తగిలి షార్టయి, అమ్ముడవక ముందే ఖాళీ అవుతాయి. విడివిడి ప్యాకింగ్, తేదీ ఉన్నవి తీసుకోండి. కొన్నిటికి పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత ఉంటుంది. అది కొన్ని రిమోట్లలో కరెంటు అందకుండా అడ్డుపడుతుంది.

ఆ పూత ఊరికే పూయలేదు. పసివాళ్లు బిళ్ల సెల్ మింగితే, గొంతు దిగువన ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. వోల్టేజీ తగ్గిన పాత సెల్‌తోనూ అదే ముప్పు. నేను తీసిన ప్రతి సెల్‌కూ రెండు వైపులా టేపు వేసి, మూత బిగించిన డబ్బాలో వేస్తాను. మింగారని అనుమానమొస్తే వాంతి చేయించొద్దు. తెల్లారేదాకా ఆగకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి, సెల్ ప్యాకెట్ ఉంటే వెంట తీసుకెళ్లండి.