పాలమూరు వలస: కూలి ఎక్కడ మిగిలింది?

పాలమూరు పల్లెల్లోని సంఘాలకు ఖాళీ చాపలు కొత్త కాదు. పండుగ దాటితే కుటుంబాలు మూటలు కట్టుకుని వెళ్లిపోయేవి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టారు; "పాలమూరు లేబర్" అన్న పేరు అలా వచ్చిందే. కృష్ణమ్మ జిల్లాను ఒరుసుకుంటూ పారినా పొలాలకు మాత్రం వానే దిక్కు.

ఇంత పని చేసినా ఇల్లు ఎందుకు గట్టెక్కలేదు? గుంపు మేస్త్రీ లెక్క చూస్తే తెలుస్తుంది. భార్యాభర్తలను ఒక జోడీగా కట్టి ముందే అడ్వాన్సు ఇస్తాడు. అది పాత అప్పుకో, పెళ్లికో, నీళ్లు పడని బోరుకో పోతుంది. అంటే తట్ట ఎత్తకముందే కూలి ఖర్చయిపోయిందన్నమాట. సైటులో తిండికి మాత్రం కొంత ఇస్తారు, మిగతాది ఖాతాలో రాస్తారు. చివర్లో అడ్వాన్సు, తిండి, జ్వరం వచ్చి పడుకున్న రోజులు తీసివేస్తే చేతికి వచ్చేది కొంచెం. ఒక్కోసారి తిరిగి బాకీయే. భార్య కూలి ఆ జోడీ లెక్కలోనే కలిసిపోతుంది, ఆమె చేతికి విడిగా రాదు. ఫోటో అంటించిన పాస్‌బుక్‌లో కూలి, అడ్వాన్సు రాసి కూలీకే ఇవ్వాలని 1979 నాటి చట్టం చెప్పింది. ఎందరి చేతికి వచ్చిందో మీ సంఘంలోని పెద్దలనే అడగండి.

తరువాత పరిస్థితి కొంత మారింది. 2006లో ఉపాధి హామీ వచ్చింది. జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు నీళ్లు కొన్ని మండలాలకు చేరాయి. వలస పోయిన ఊళ్లకే ఇప్పుడు బిహార్ కూలీలు నాట్లు వేయడానికి వస్తున్నారు. అయితే నీరు భూమి ఉన్న ఇంటిని నిలబెట్టింది. భూమి లేని ఇంటికి దక్కింది కూలి పనే. ఆ ఇళ్ల యువకులు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ పనులకు పోతున్నారు. ఊళ్లో నాయనమ్మ, పిల్లలు, ఆమెకు వచ్చే 2,016 రూపాయల పింఛను. చాలా ఇళ్లలో నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బు అదొక్కటే.

2011 లెక్కల్లో ఈ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. మేస్త్రీ కాగితం చదవలేని తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. పండుగకు వారు ఊరు వచ్చినప్పుడు ఆరాధన ముగిశాక సంఘంలో చదువుకున్న పిల్లలు ఆ కాగితం పక్కన కూర్చుని చదివి వినిపిస్తే, కోసేసిన రోజులెన్నో అక్కడే తేలుతుంది.