నవంబరు 9: ఒకే తేదీ, రెండు రాత్రులు

మంచి రోజు చూసి పెళ్లి పెట్టుకోవడం, మంగళవారం ప్రయాణం మానుకోవడం, అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టకపోవడం మన చుట్టూ మామూలే. ప్రభువును నమ్ముకున్నాం, బాప్తిస్మం పొందాం అని చెప్పుకునే మన ఇళ్లలోనూ ఆ భయం పూర్తిగా పోలేదు. శుభలేఖ మీద వాక్యం అచ్చు వేయిస్తాం. తేదీ మాత్రం ఎవరికీ చెప్పకుండా పంచాంగం చూపించి ఖాయం చేసుకుంటాం. ‘ఆ రోజు మాకు అచ్చిరాలేదండీ’ అనే మాట ప్రార్థన కూటాల్లో కూడా వినిపిస్తుంది. నిజంగా తేదీలోనే దీవెనో శాపమో దాగి ఉంటుందా? ఒక జాతి చరిత్రలో పదే పదే తిరిగొచ్చిన ఒకే ఒక్క తేదీని చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఆ తేదీ నవంబరు 9. ఆ జాతి జర్మన్లది. వారు ఆ రోజును తమ ‘విధి దినం’ అని పిలుచుకుంటారు.

1918 నవంబరు 9న, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓటమి అంచున నిలబడి ఉండగా, చక్రవర్తి రెండవ విల్హెల్మ్ సింహాసనం వదులుకున్నట్టు ప్రకటన వెలువడింది. అదే రోజు బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం నుంచి ఫిలిప్ షైడెమాన్ జర్మనీని గణతంత్ర రాజ్యంగా ప్రకటించాడు. రెండు రోజులకే, నవంబరు 11న, యుద్ధం ఆగిపోయింది. ఆకలితో, చావులతో అలసిపోయిన ప్రజలకు అది కొత్త ఆరంభం కావలసింది. అయితే ఓటమిని జీర్ణించుకోలేని కొందరు, ‘మన సైన్యం ఓడిపోలేదు, ఇంట్లోవాళ్లే వెన్నుపోటు పొడిచారు’ అనే అబద్ధాన్ని ప్రచారం చేశారు. ఆ నింద ఎక్కువగా యూదుల మీద పడింది.

ఆ అబద్ధాన్ని ఆయుధంగా చేసుకున్నవాడు అడాల్ఫ్ హిట్లర్. 1923 నవంబరు 8 రాత్రి మ్యూనిక్ నగరంలోని ఒక బీరు హాలులో తిరుగుబాటు ప్రకటించి, మరునాడు 9వ తేదీన తన అనుచరులతో వీధుల్లోకి వచ్చాడు. పోలీసులు కాల్పులు జరిపారు. అతని పక్షం వారూ, నలుగురు పోలీసులూ చనిపోయారు. హిట్లర్ పారిపోయి, రెండు రోజుల తరువాత పట్టుబడి జైలు పాలయ్యాడు. కథ అక్కడితో ముగిసి ఉంటే ఎంత బాగుండేది! పదేళ్లు తిరిగేసరికి అతడే దేశాధినేత అయ్యాడు. ఓడిపోయిన ఆ తిరుగుబాటును ఏటేటా నవంబరు 9న మ్యూనిక్‌లో పండుగలా జరిపించాడు. ద్వేషానికి కూడా ఒక క్యాలెండరు ఉంటుందని, దానికీ స్మారక దినాలు ఉంటాయని మనం గమనించాలి.

మందిరాలు తగలబడిన రాత్రి

1938లో నాజీ నాయకులంతా అలాంటి స్మారక దినం కోసమే మ్యూనిక్‌లో గుమిగూడి ఉన్నారు. రెండు రోజుల ముందు పారిస్‌లో ఒక పదిహేడేళ్ల యూదు యువకుడు జర్మన్ రాయబార కార్యాలయ ఉద్యోగి ఒకరిని కాల్చాడు. ఆ యువకుడి తల్లిదండ్రులను జర్మన్ ప్రభుత్వం కట్టుబట్టలతో పోలండ్ సరిహద్దుకు తరిమేసింది. ఆ కోపంతో అతడు తుపాకీ పట్టాడు. గాయపడిన ఉద్యోగి 9వ తేదీన చనిపోయాడన్న వార్త రాగానే, ప్రచార మంత్రి గోబెల్స్ ఆ సభలోనే రెచ్చగొట్టే ప్రసంగం చేశాడు. గంటల్లోనే దేశమంతటా దాడులు మొదలయ్యాయి.

ఆ రాత్రీ మరునాడూ 1,400కు పైగా యూదుల సమాజమందిరాలు, ప్రార్థనాస్థలాలు తగలబడ్డాయి లేదా ధ్వంసమయ్యాయి. సుమారు 7,500 దుకాణాలు పగిలిపోయాయి. దాదాపు 30,000 మంది యూదు పురుషులను దకావ్, బుకెన్‌వాల్డ్, జాక్సన్‌హౌజెన్ నిర్బంధ శిబిరాలకు తోలుకెళ్లారు. 91 మంది చనిపోయారని అధికారిక లెక్క. నిజానికి చనిపోయినవారు అంతకంటే ఎంతో ఎక్కువ. అగ్నిమాపక సిబ్బంది వచ్చారు గానీ మందిరాలను ఆర్పడానికి కాదు, మంట పక్క ఇళ్లకు అంటుకోకుండా చూడటానికి! పైగా యూదులే వంద కోట్ల మార్కుల జరిమానా కట్టాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది.

ఈ పని చేసినవారు ఎవరు? చూస్తూ నిలబడినవారు ఎవరు? ఆ దేశ ప్రజల్లో అత్యధికులు బాప్తిస్మం పొందిన క్రైస్తవులే. చిన్నప్పుడు సండే స్కూల్లో దావీదు కీర్తనలు కంఠస్థం చేసినవారే. ఆ కీర్తనలు ఏ ప్రజల ద్వారా తమకు అందాయో, ఆ ప్రజల మందిరాలనే వారు కాలిపోనిచ్చారు.

ఇంకా బాధ కలిగించే విషయం ఒకటుంది. ఆ మంటలు ఆరని మరునాడు, నవంబరు 10, మార్టిన్ లూథర్ పుట్టినరోజు. తూరింగియా ప్రాంతపు లూథరన్ బిషప్పు మార్టిన్ జాస్సే, లూథర్ జన్మదినాన సమాజమందిరాలు కాలుతున్నాయని సంతోషిస్తూ ఒక కరపత్రమే అచ్చు వేయించాడు. అందులో లూథర్ రాసిన మాటలనే ఏర్చి కూర్చాడు. అవి కల్పించినవి కావు. 1543లో, తన చివరి సంవత్సరాల్లో, లూథర్ యూదులకు వ్యతిరేకంగా ఒక గ్రంథం రాసి, వారి మందిరాలను తగలబెట్టమని అందులో సలహా ఇచ్చాడు. 1842లో గుంటూరుకు వచ్చిన మిషనరీ హేయర్ మొదలుకొని లూథర్ బోధ మన తెలుగు నేలలోనూ వేళ్లూనింది. విశ్వాసమూలంగానే నీతిమంతులమవుతామన్న సత్యాన్ని సంఘానికి తిరిగి గుర్తు చేసిన ఆ దైవజనునికి మనమంతా ఋణపడి ఉన్నాం. అందుకే ఆయన తప్పును దాచకూడదు. దావీదు పాపాన్ని దాచని బైబిలు మనకు నేర్పింది అదే. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో లూథర్ రాసిన ఆ మాటలను బహిరంగంగా తిరస్కరించింది. అది లూథర్‌ను అవమానించడం కాదు, లూథర్ కంటే వాక్యం గొప్పదని ఒప్పుకోవడం.

అందరూ మౌనంగా ఉండిపోయారా? దాదాపుగా అంతే. కానీ కొందరున్నారు. యువ పాస్టరు, వేదాంత పండితుడు డీట్రిచ్ బోన్‌హోఫర్ తన బైబిలులో 74వ కీర్తన ఎనిమిదో వచనం దగ్గర గీత గీసి, పక్కన ‘9.11.38’ అని తేదీ వేసుకున్నాడు. దేశంలో దేవుని మందిరాలన్నిటినీ శత్రువులు కాల్చివేశారని ఆసాపు మొరపెట్టుకున్న వచనం అది. యూదుల మందిరం కాలితే అది దేవుని మందిరమే కాలినట్టని ఆ చిన్న అంకెలు చెబుతున్నాయి. హిట్లర్‌ను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న ఆయనను ఉరితీశారు.

ఓబర్‌లెన్నింగెన్ అనే చిన్న ఊరి పాస్టరు యూలియస్ ఫాన్ యాన్ సంగతి మనలో చాలా మందికి తెలియదు. వారం తరువాత, నవంబరు 16న, జర్మన్ ప్రొటెస్టెంటు సంఘాలన్నీ ఆచరించే పశ్చాత్తాప దినం వచ్చింది. ఆ రోజుకు ఆయన యిర్మీయా 22:29ని వాక్యభాగంగా తీసుకున్నాడు. దేశాన్ని మూడుసార్లు పిలిచి దేవుని మాట వినమని ప్రవక్త వేడుకున్న వచనం అది. జరిగింది పాపమని, దేవుడు దానికి లెక్క అడుగుతాడని ఆయన పుల్పిట్ మీద నుంచి స్పష్టంగా చెప్పాడు. నవంబరు 25న ఒక మూక వచ్చి ఆయనను చావబాదింది. తరువాత కోర్టు పదహారు నెలల శిక్ష వేసింది. వాక్యం చెప్పే మాలాంటి కాపరులం ఆయన పేరు గుర్తుంచుకోవాలి. ప్రసంగం బాగుందని అనిపించుకోవడానికీ, ప్రసంగానికి వెల చెల్లించడానికీ ఎంత దూరమో ఆయనను చూస్తే తెలుస్తుంది.

గోడ తెరుచుకున్న రాత్రి

యుద్ధంలో ఓడిన జర్మనీ రెండు ముక్కలైంది. 1961 ఆగస్టు 13న కమ్యూనిస్టు ప్రభుత్వం బెర్లిన్ నగరం మధ్యలో గోడ కట్టడం మొదలుపెట్టింది. అన్నదమ్ములు, తల్లీపిల్లలు ఒకే ఊళ్లో ఉండి ఒకరినొకరు చూసుకోలేని స్థితి వచ్చింది. ఆ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు కోల్పోయారు.

బెర్నావర్ వీధిలో 1894లో ప్రతిష్ఠించిన ఒక చర్చి ఉండేది. దాని పేరు ‘సమాధాన దేవాలయం’. గోడ సరిగ్గా ఆ చర్చి ముంగిట లేచింది. చర్చి తూర్పున ఉండిపోయింది, సంఘస్థుల్లో ఎక్కువమంది పశ్చిమాన ఉండిపోయారు. సమాధానం అనే పేరున్న మందిరం చుట్టూ ముళ్లకంచె వేసి ఆరాధన ఆపేశారు. చివరికి 1985 జనవరిలో పేలుడు పదార్థాలు పెట్టి ఆ చర్చిని కూల్చేశారు.

ఆ రోజుల్లోనే తూర్పు జర్మనీలోని లీప్‌జిగ్ నగరంలో దేవుడు మరో మందిరాన్ని వాడుకుంటున్నాడు. 1938 నవంబరులో ఈ నగరంలోని పెద్ద సమాజమందిరం కూడా కాలిపోయింది. దాని స్థలంలో ఇప్పుడు 140 ఖాళీ కంచు కుర్చీలు వరుసగా నిలిచి ఉన్నాయి. అదే నగరంలోని సెయింట్ నికోలస్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం శాంతి కోసం ప్రార్థనలు జరిగేవి. మొదట్లో వచ్చేవారు కొద్దిమందే. అయినా ఆపలేదు. పాస్టరు క్రిస్టియన్ ఫ్యూరర్ చర్చి తలుపులు అందరికీ తెరిచే ఉంచాడు. 1989 అక్టోబరు 9న ఆ ప్రార్థనకు వెళ్లేవారికి చోటు లేకుండా చేయాలని ప్రభుత్వ పార్టీ తన మనుషులను వందల సంఖ్యలో ముందే పంపి కూర్చోబెట్టింది. వారు కూడా ఆ సాయంత్రం ప్రార్థనలు విన్నారు, వాక్యం విన్నారు! బయట సుమారు 70,000 మంది కొవ్వొత్తులతో నడిచారు. కొవ్వొత్తి ఆరకుండా పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, ఇక రాయి పట్టుకునే చెయ్యి ఉండదని ఫ్యూరర్ తరువాత చెప్పేవారు. సాయుధ బలగాలు సిద్ధంగా ఉన్నా ఒక్క తూటా పేలలేదు.

సరిగ్గా నెల తిరిగింది. నవంబరు 9 సాయంత్రం బెర్లిన్‌లో పార్టీ ప్రతినిధి గ్యుంటర్ షాబోవ్‌స్కీ విలేఖరుల సమావేశంలో కొత్త ప్రయాణ నియమాలను చదివాడు. అవి మరునాటి నుంచి, దరఖాస్తుల పద్ధతిలో అమలు కావలసినవి. ఎప్పటి నుంచి అని విలేఖరులు అడిగితే, కాగితాలు తిరగేసి, తక్షణమే అన్నట్టుగా జవాబిచ్చాడు. ఆ వార్త విని వేలాది మంది గోడ దగ్గరికి వచ్చేశారు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో బోర్న్‌హోల్మర్ వీధి గేటు దగ్గర అధికారి జనాన్ని ఆపలేక తలుపులు తెరిపించాడు. ఇరవై ఎనిమిదేళ్ల గోడ ఒక్క రాత్రిలో అర్థం కోల్పోయింది. ముక్కూ మొహం తెలియనివారు కౌగిలించుకుని ఏడ్చారు.

ఒకే తేదీ! ఒక నవంబరు 9 రాత్రి పొరుగువాడి మందిరం తగలబడింది, మరో నవంబరు 9 రాత్రి పొరుగువాడికి తలుపు తెరుచుకుంది.

జ్ఞాపకం ఎలా ఉంచుకోవాలి?

1990లో రెండు జర్మనీలు ఏకమైనప్పుడు, గోడ తెరుచుకున్న నవంబరు 9నే జాతీయ దినంగా చేసుకోవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. కానీ 1938 రాత్రి అడ్డు నిలిచింది. సమాజమందిరాలు కాలిన రోజున బాణసంచా కాల్చడం ఎలా? చివరికి దేశం అధికారికంగా ఏకమైన అక్టోబరు 3ను జాతీయ దినంగా ఎంచుకున్నారు. సంతోషం కోసం దుఃఖాన్ని చెరిపేయకపోవడంలో ఒక పశ్చాత్తాపం ఉంది.

2000 నవంబరు 9న బెర్నావర్ వీధిలో, కూల్చేసిన చర్చి ఉన్న చోటే, ఒక చిన్న ప్రార్థనా మందిరాన్ని ప్రతిష్ఠించారు. గోడలను మట్టితో దిమ్మిస కొట్టి లేపారు. ఆ మట్టిలో పాత చర్చి ఇటుకల ముక్కలను కలిపారు. ఒకప్పుడు కాపలాదారులు తుపాకులతో తిరిగిన నేల మీద, మందిరం చుట్టూ, రై ధాన్యం పండిస్తున్నారు. గోడ దగ్గర చనిపోయినవారి జీవిత కథలను అక్కడ చదివి, వారిని జ్ఞాపకం చేసుకుంటారు.

ఎస్తేరు గ్రంథం మనకు తెలిసిందే. హామాను ‘పూరు’ అనే చీటి వేయించి అదారు నెలలో ఒక దినాన్ని ఎంచుకున్నాడు. అది యూదుల చావుకు పెట్టిన ముహూర్తం. సరిగ్గా ఆ తేదీనే వారికి విడుదల దొరికిందని తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. దినం మారలేదు. ఉపవాసంతో దేవుని సన్నిధిలో కనిపెట్టి, ప్రాణానికి తెగించి రాజు ముందు నిలబడిన ఒక స్త్రీ వల్ల ఆ దినానికి అర్థం మారిపోయింది. అయినా పూరీము పండుగ జరుపుకునే ప్రతిసారీ వారు హామాను కుట్రను కూడా చదువుతారు. అదే సరైన జ్ఞాపకం.

కాబట్టి ప్రియులారా, తేదీలకు భయపడటం మానేద్దాం. మంగళవారంలో శాపం లేదు, అమావాస్యలో చావు లేదు. దినాలన్నీ దేవునివే. భయపడవలసింది ఒక్కదానికే: దేవుడు మనకిచ్చిన దినాన మనం చేయవలసింది చేయకపోవడానికి. ప్రభువు యెరూషలేమును చూసి ఏడ్చింది అది చెడ్డ రోజని కాదు, దేవుడు దర్శించిన కాలాన్ని ఆ పట్టణం గుర్తించలేదని (లూకా 19:44).

మన వీధిలో ఒక కుటుంబాన్ని కులం పేరుతోనో మతం పేరుతోనో వేలెత్తి చూపే రోజు రావచ్చు. వాళ్ల గురించి ఒక అబద్ధం ఫోన్లలో తిరుగుతుండవచ్చు. ఆ రోజు మనం నిజమేమిటో కనుక్కుంటామా, మనమూ పదిమందికి పంపిస్తామా? వాళ్ల గుమ్మం ముందు నిలబడతామా, మన తలుపు గడియ పెట్టుకుంటామా? ఆ ఆదివారం పుల్పిట్ మీద ఏ వాక్యం చదువుతాం? వీటికి జవాబు ఆ రోజు వచ్చాక వెతుక్కుంటే దొరకదు. లీప్‌జిగ్‌లో కొద్దిమందే ఉన్నప్పుడు కూడా మానని సోమవారపు ప్రార్థనల్లాగా, ముందే మోకాళ్ల మీద సిద్ధపడాలి. అలాంటి సిద్ధపాటును ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక!