పన్నెండో స్థానంలో మార్పు

కొల్లాపూర్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మా దిక్కు ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే చాలామంది హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి పోతారు. అట్లా భార్యను తీసుకెళ్లొచ్చిన మా విద్యార్థి తండ్రి అడిగాడు: "సార్, మన రక్తం తీసి, మందు జేసి మళ్ల ఎక్కిస్తే క్యాన్సర్ పోతదంట. నిజమేనా?"

నిజమే. కానీ అన్ని క్యాన్సర్లకూ కాదు.

క్యాన్సర్ జన్యుమార్పును గురిపెట్టే ఇలాంటి చికిత్సకు పునాది వేసినవాళ్లలో ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఒకరు. 1982లో అమెరికాలో ఆయన బృందం మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువును పరిశీలించింది. మామూలు జన్యువుకూ దానికీ తేడా ఒక్క అక్షరమే! దాంతో ప్రొటీన్ పన్నెండో స్థానంలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ వచ్చింది. కణాన్ని పెరగమనే స్విచ్చు ఈ ప్రొటీన్, మారాక ఆరిపోదు. అదే ఏడాది మరికొన్ని ప్రయోగశాలలూ ఈ మాటే తేల్చాయి. పాంక్రియాస్ క్యాన్సర్లలో చాలావాటికి కారణం దీని సోదర జన్యువు కేరాస్‌లో, ఎక్కువగా ఆ పన్నెండో చోటే, వచ్చే మార్పు.

ఈ ప్రొటీన్ కణం లోపలే ఉంటుంది. అయితే కణాలు తమ ప్రొటీన్ల ముక్కలను హెచ్‌ఎల్‌ఏ అణువులపై పెట్టి బయటకు చూపిస్తాయి. మారిన ముక్కను పట్టుకునే గ్రాహక జన్యువును రోగి సొంత రోగనిరోధక కణాల్లో (టీ కణాల్లో) చేర్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలోని పోర్ట్‌లండ్ వైద్యులు 2022లో ప్రకటించిన ఫలితం ఇదే: పాంక్రియాస్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిన 71 ఏళ్ల మహిళకు ఒకేసారి సుమారు 1,600 కోట్ల కణాలిచ్చారు. ఆరు నెలలకు గడ్డలు 72 శాతం తగ్గాయి. ఇదే తరహా చికిత్స పొందిన మరొకరు మాత్రం బతకలేదు. పైగా రోగి హెచ్‌ఎల్‌ఏ రకం సరిపోతేనే ఇది పనిచేస్తుంది.

మన దేశంలో 2023 అక్టోబర్‌లో అనుమతి పొందిన నెక్స్‌కార్19 అనే కణాల చికిత్స వేరు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన ఆ చికిత్స కొన్ని రక్త క్యాన్సర్లలో కణం పైనుండే సీడీ19 గుర్తును వెతుకుతుంది, జన్యుమార్పును కాదు.

అందుకే ఆ విద్యార్థి తండ్రికి ఇదే చెప్పాను: "గడ్డలో ఏ మార్పుందో పరీక్ష అవసరమా అని డాక్టర్‌ను అడుగన్నా. ఎవరన్న కణాల చికిత్స చేస్తమంటే, అది నమోదైన పరిశోధనేనా అని కనుక్కో. అప్పటిదాక నడుస్తున్న మందు ఆపకు." ఆశ పెట్టుకున్న మనిషిని మోసం చేయడం తేలిక. తెలుసుకుని అడిగే మనిషిని మోసం చేయడం కష్టం.