కడిగిన నీళ్లలో కెంపు రంగు

బంగారం ఏ రంగు అని అడిగితే చిన్నపిల్లలైనా పసుపు అని చెబుతారు. ఎర్రని బంగారాన్ని మీరెప్పుడైనా చూశారా?

1856వ సంవత్సరంలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైఖేల్ ఫారడే పలుచని బంగారు రేకుల గుండా వెలుతురు ఎలా వెళుతుందో పరిశీలిస్తున్నాడు. రేకులను కడిగిన నీళ్లకు లేత కెంపు రంగు వచ్చింది. మనమైతే పారబోసేవాళ్లం. ఆయన దాచిపెట్టాడు.

ఫారడే కమ్మరివాని కుమారుడు. బడి చదువు కొద్దిపాటిదే. పుస్తకాలు కుట్టే పనిలో ఉండి, ఆ పుస్తకాలే చదివి శాస్త్రవేత్త అయ్యాడు. లండన్‌లోని ఒక చిన్న క్రైస్తవ సంఘానికి పెద్దగానూ సేవ చేశాడు. ఈ ప్రయోగాలనాటికి ఆయనకు 64 ఏళ్లు. జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్నా, చూసిన ప్రతిదీ వరుస సంఖ్యలు వేసి రాసుకునేవాడు.

ఆయన నీళ్లలో కరిగిన బంగారు లవణాన్ని భాస్వరంతో కలిపి చూశాడు. ఎర్రని ద్రవం తయారైంది. కంటికి తేటగానే ఉంది. కాని కటకంతో ఒక సన్నని వెలుగు కిరణాన్ని అందులోకి పంపితే, తలుపు సందులోంచి వచ్చే ఎండలో దుమ్ము మెరిసినట్లు, ఆ దారి మెరిసింది. అంటే బంగారం కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా అందులో తేలుతోంది! కొంచెం ఉప్పు వేస్తే ఎరుపు నీలంగా మారింది. లోహం అదే, రేణువుల తీరు మారితే రంగు మారుతోంది. 1857 ఫిబ్రవరిలో ఈ సంగతులను ఆయన రాయల్ సొసైటీకి వివరించాడు.

రంగు ఎందుకు మారుతుందో ఆయన పూర్తిగా చెప్పలేకపోయాడు. 1867లో కన్నుమూశాడు. 1908లో జర్మనీ శాస్త్రవేత్త గుస్టావ్ మీ లెక్కగట్టి చూపాడు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. కొన్ని పదుల నానోమీటర్ల బంగారు రేణువుపై వెలుతురు పడినప్పుడు, అందులోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊయలలా ఊగుతాయి. ఆ ఊపుకు సరిపడే ఆకుపచ్చ వెలుగును రేణువు మింగేస్తుంది. ఎరుపు మనవరకు వస్తుంది. ఉప్పు వేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అందుకే రంగు మారుతుంది.

ఇంట్లోనే గర్భనిర్ధారణ చేసుకునే పట్టీలు అనేకం ఈ రేణువులతోనే పనిచేస్తాయి. బిడ్డ కోసం ఎదురుచూసే తల్లి కళ్లెదుట కనిపించే ఆ ఎర్రని గీత బంగారమే!

ఫారడే చేసిన కెంపు రంగు ద్రవం సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నేటికీ ఉన్నాయి. జవాబు చూడకుండానే ఆయన వెళ్లిపోయాడు. చూసినంతమట్టుకు నమ్మకంగా రాసిపెట్టాడు. తరువాతివారికి అదే ఆధారమైంది. మన చేతికి వచ్చిన చిన్న పనిని మనమూ అలా చేస్తున్నామా?